చనిపోయినవాడి రిపోర్టులో గంజాయి అని వస్తే కేసు పోయినట్టేనా?

పెద్దోడు_పెందుర్తి (సోమవారం, రాత్రి 10:40)

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదవడమే తప్ప ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. మా తమ్ముడి కేసు వైజాగ్‌లోనే సెషన్స్ కోర్టులో నడుస్తోంది. 2023లో రుషికొండ దగ్గర బండి పార్కింగ్ విషయంలో ముగ్గురితో మాటామాటా పెరిగింది, అందులో ఒకడు హెల్మెట్ తీసి తమ్ముడి తల మీద కొట్టాడు, తమ్ముడు అక్కడే పడిపోయాడు. వెంటిలేటర్ మీద ఒక రోజంతా ఉన్నాడు, రెండో రోజు తెల్లారేసరికి లేడు. ఇరవై రెండేళ్లు.

మొన్న వాయిదాలో పోస్టుమార్టం చేసిన డాక్టరుగారిని బోనులో నిలబెట్టారు. ముద్దాయిల లాయరు ల్యాబ్ నుంచి వచ్చిన రిపోర్టు తీసి, మూత్రంలో గంజాయి ఆనవాళ్లు ఉన్నాయా లేవా, ఉన్నాయా లేవా అని నాలుగుసార్లు అడిగాడు. ఉన్నాయి అన్నారు డాక్టరుగారు. మత్తు మాత్రల మందు కూడా ఉందిగా అన్నాడు. ఉంది అన్నారు. అంతే, కూర్చున్నాడు. మా అమ్మ నా పక్కనే బెంచీ మీద ఉంది. మిగతా ఇంగ్లీషు ఏమీ అర్థం కాలేదు గానీ గంజాయి అన్న మాట అర్థమైంది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నా వైపు తిరిగింది, ఏమీ అడగలేదు.

వాడు ఎప్పుడైనా స్నేహితులతో కాల్చాడేమో నాకు తెలీదు, కాల్చలేదని ప్రమాణం చేయలేను. కానీ ఆ రిపోర్టుకీ తల పగలడానికీ ఏంటి సంబంధం? దీంతో కేసు పోతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

గాజువాక_ఉక్కు (సోమవారం, రాత్రి 11:05)

బాబూ, ముందుగా మీ అమ్మగారికి నా నమస్కారం. నేను ప్లాంటులో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాను, చట్టం చదువుకోలేదు, నాకు తోచింది చెప్తాను, ఏమీ అనుకోకు. ఏజెన్సీ నుంచి దిగుతున్న సరుకు మన పిల్లల్ని ఎలా తినేస్తోందో మా వీధిలోనే చూశాను. అది ఎక్కితే మనిషి మనిషిలా ఉండడు. గొడవ ఎవరు మొదలుపెట్టారో తేల్చాలంటే జడ్జిగారికి ఆ సంగతి కూడా తెలియాలి కదా? దాచిపెడితే అవతలివాళ్లకి అన్యాయం కాదా? కొట్టడం తప్పే, అందులో రెండో మాట లేదు. కానీ మొత్తం సంగతి కోర్టు ముందుకు రావాలి.

సీతంపేట_చిన్ని (సోమవారం, రాత్రి 11:20)

అంకుల్, మొత్తం సంగతి అంటే ఏది? కొట్టినవాళ్ల ముగ్గురి రక్తం ఆ రాత్రి ఎవరైనా పరీక్ష చేశారా? చనిపోయినవాడిది మాత్రం చేస్తారు, ఎందుకంటే శవం బల్ల మీద ఉంటుంది కాబట్టి. పారిపోయి నాలుగు రోజుల తర్వాత దొరికినవాడి ఒంట్లో ఏముందో ఎవరికీ తెలీదు. ఒకడి రిపోర్టు ఉండి ఇంకొకడిది లేనప్పుడు, రిపోర్టు ఉన్నవాడే మత్తులో ఉన్నట్టు అందరికీ అనిపిస్తుంది. నాకు కడుపు మండేది అక్కడే.

నల్లకోటు_ఎంవీపీ (మంగళవారం, ఉదయం 7:15)

తమ్ముడూ, ముందు ఒక మాట. కేసు నంబరు, పేర్లు, సాక్షుల వివరాలు ఇక్కడ పెట్టొద్దు. ఇప్పటిదాకా పెట్టలేదు, మంచి పని చేశావు.

రిపోర్టులో గంజాయి వచ్చినంత మాత్రాన కేసు పోదు. కానీ అది పూర్తిగా పనికిరాని కాగితమూ కాదు. అది ఏ ప్రశ్నకి జవాబు అన్నదే చూడాలి. హత్య కేసులో బాధితుడి ఒంట్లో దొరికిన మందు గురించి కోర్టు నిజంగా పట్టించుకోవాల్సిన ప్రశ్నలు నాకు తెలిసి రెండే. చావుకి కారణం దెబ్బా, మందా? ముద్దాయి ఆత్మరక్షణ అంటే, ఆ క్షణంలో అతను నిజంగా భయపడేలా బాధితుడు ప్రవర్తించాడా?

మొదటిదానికి మీ దగ్గర పోస్టుమార్టం ఉంది. అందులో మరణ కారణం ఏమని రాశారు? తలకి దెబ్బ అని ఉంటే గంజాయి దాన్ని చెరపలేదు. ఒకవేళ మనిషి అప్పటికే జబ్బుతోనో బలహీనంగానో ఉండి, దెబ్బ వల్ల చావు త్వరగా వచ్చినా, కొట్టినవాడే చావుకి కారకుడని ఐపీసీ (పాత శిక్షాస్మృతి) 299 కింద వివరణలో స్పష్టంగా ఉంది. అదే మాట ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 100లో ఉంది. మీ సంఘటన 2024 జూలై 1కి ముందు జరిగింది కాబట్టి మీకు ఐపీసీయే.

రెండోదానికి, ల్యాబ్ కాగితం ఆ రాత్రి ముద్దాయి చేతిలో లేదు. అతనికి కనిపించింది మీ తమ్ముడి మాట, చెయ్యి, నడక. ప్రాణం పోతుందనో తీవ్రమైన గాయం అవుతుందనో భయపడటానికి అక్కడ కారణం ఉందా అని చూస్తారు. ఆర్నెల్ల తర్వాత వచ్చిన రిపోర్టు ఆ భయాన్ని వెనక్కి వెళ్లి పుట్టించలేదు. అక్కడున్న సాక్షులు, సీసీటీవీ, మీ తమ్ముడి చేతిలో ఏమైనా ఉందా అన్నది, ఇవే ముఖ్యం.

డిఫెన్స్_వైపు (మంగళవారం, ఉదయం 9:50)

నేను ఎక్కువగా ముద్దాయిల తరఫున చేస్తాను. ఎంవీపీ సార్ చెప్పిన దాంట్లో తొంభై పాళ్లు ఒప్పుకుంటాను, ఒక్క చోట ఆగాలి. యావజ్జీవం పడే కేసులో నా క్లయింటుకి ఉపయోగపడే ఏ కాగితమైనా అడగడం నా బాధ్యత. గొడవ అతనే మొదలుపెట్టాడని చెప్పే సాక్షి ఉంటే, ఒంట్లో ఉత్తేజం పెంచే మందు బయటపడటం ఆ సాక్షి మాటకి బలం ఇస్తుంది. దాన్ని అడ్డుకుంటే అది న్యాయం కాదు.

కానీ సాక్షి లేకుండా, ప్రవర్తన గురించి ఒక్క మాట లేకుండా, వట్టి రిపోర్టు ఊపుతూ నాలుగుసార్లు అడిగారంటే అది చనిపోయిన కుర్రాడి మీద బురద. నేను అలా చేయను. చేసేవాళ్లు ఉన్నారు, ఒప్పుకుంటాను.

ల్యాబ్_బెంచి (మంగళవారం, మధ్యాహ్నం 1:30)

ఇరవై ఏళ్లు విసెరా (పోస్టుమార్టంలో తీసి పంపే లోపలి అవయవాల) సీసాలు తెరిచిన చేతులు ఇవి. చట్టం మీరు చెప్పారు, ఆ కాగితంలో ఏముంటుందో నేను చెప్తాను, ఎందుకంటే కోర్టులో చాలామంది దాన్ని చదవడం రాకుండానే వాదిస్తారు.

మూత్రంలో గంజాయి పాజిటివ్ అంటే ఆ గంటలో మత్తులో ఉన్నాడని కాదు. గంజాయిలో మత్తునిచ్చే పదార్థం కొవ్వులో కరిగి ఒంట్లో నిలవ ఉంటుంది, అది విరిగాక మిగిలే ముక్కలు మెల్లమెల్లగా మూత్రంలోకి దిగుతాయి. ఒకసారి కాల్చినవాడికి కొన్ని రోజులు, అలవాటున్నవాడికి కొన్ని వారాలు కనిపించవచ్చు. అంటే ఆ రిపోర్టు వినాయక చవితికి కాల్చినదాన్ని దసరా ముందు కూడా చూపించగలదు. ఆ రాత్రి మత్తు ఉందా లేదా అని దగ్గరగా చెప్పాలంటే రక్తంలో ఎంత ఉందో కొలవాలి. కొలిచినా గంజాయి విషయంలో ఇంత ఉంటే ఇంత మత్తు అని గీత గీసి చెప్పడం కష్టం. మద్యం సంగతి వేరు, అక్కడ బండి నడిపేవాడికి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు అని చట్టమే గీత పెట్టింది.

ఇంకోటి, అది స్క్రీనింగా, ఖరారు పరీక్షా? స్ట్రిప్ మీద గీత చూసి పాజిటివ్ అనడం వేరు, యంత్రం మీద పదార్థాన్ని విడదీసి ఫలానాదే అని తేల్చడం వేరు. స్ట్రిప్ ఒక్కోసారి వేరే మందుని చూసి కూడా పొరబడుతుంది. మన ఇళ్లలో కుర్మాలో వేసే గసగసాలు ఎక్కువగా తిన్నా మూత్రంలో నల్లమందు జాతి పదార్థాల జాడ కనిపించగలదు. పరీక్ష అబద్ధం చెప్పిందని కాదు, ఎక్కడ నుంచి వచ్చిందో అది చెప్పలేదు.

బాబూ, నీ రిపోర్టులో మూడు చూడు. ఏ నమూనా, ఏ పద్ధతి, అంకె ఉందా లేక పాజిటివ్ అని మాట మాత్రమే ఉందా.

మధురవాడ_సిస్టర్ (మంగళవారం, సాయంత్రం 4:10)

నేను క్యాజువాలిటీలో, తర్వాత ఐసీయూలో నర్సుగా పదకొండేళ్లు చేశాను. తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. వెంటిలేటర్ మీద ఒక రోజు ఉన్నాడన్నావు. మత్తు మాత్రల మందు అని లాయరు అన్నది ఏ పేరు? బెంజోడయాజెపీన్ అని గానీ, మిడజోలం అని గానీ ఉందా?

గొంతులో ట్యూబు వేశాక పేషెంటు దాన్ని పీక్కోకుండా, వెంటిలేటర్‌తో పెనుగులాడకుండా మేమే ఆ మందు ఎక్కిస్తాం. పంపు పక్కనే గంటగంటకీ చార్టులో రాస్తాం, ఎంత, ఎన్నింటికి, ఎవరి సంతకం. నొప్పికి ఫెంటనిల్ కూడా పెడతారు, అది ల్యాబ్‌కి వెళ్తే మాదకద్రవ్యం అనే వస్తుంది. వాడు వేసుకున్నది కాదు, మేం ఎక్కించింది.

హాస్పిటల్ కేసు షీటు తీయించు. మొదటి రోజు పేజీ, మందుల చార్టు.

పెద్దోడు_పెందుర్తి (మంగళవారం, రాత్రి 9:30)

అక్కా, చేతులు వణుకుతున్నాయి. ఇప్పుడే కాపీ తీసి చూశాను. బెంజోడయాజెపీన్ జాతి అనే ఉంది. నమూనా మూత్రం. పద్ధతి గడిలో ఇంగ్లీషులో ఏదో పొడి అక్షరాలు ఉన్నాయి, అంకెలు ఏమీ లేవు, పాజిటివ్ అని మాత్రం ఉంది. పోస్టుమార్టంలో మరణ కారణం తల ఎముక విరిగి లోపల రక్తం గడ్డకట్టడం అని ఉంది. గంజాయి మాట అక్కడ ఎక్కడా లేదు.

అంటే హాస్పిటల్లో ఎక్కించిన మందుని చూపించి మా తమ్ముణ్ణి మత్తుమాత్రలు మింగేవాడన్నారా?

నల్లకోటు_ఎంవీపీ (మంగళవారం, రాత్రి 10:00)

అనుకుంటున్నాను, కానీ కేసు షీటు చూసేదాకా అలా అనేయకు. రేపే పీపీగారిని, అంటే ప్రభుత్వ లాయరుని, కలువు. అవతలి లాయరు సాక్షిని క్రాస్ (ఎదురు ప్రశ్నలు) చేశాక ఆ క్రాస్‌లో తేలినదాన్ని వివరించడానికి పీపీ మళ్లీ ప్రశ్నలు అడిగే హక్కు ఉంది. ఆ రోజు అడగలేదు కాబట్టి ఇప్పుడు డాక్టరుగారిని మళ్లీ పిలిపించమని పిటిషన్ వేయాలి. సీఆర్పీసీలో (పాత నేర విచారణ చట్టంలో) అది సెక్షన్ 311, మీ విచారణ పాత చట్టం కిందే నడుస్తుంటే అదే. ఐసీయూ డాక్టరుని కూడా పిలవమని అడగొచ్చు. నీ సొంత లాయరుని పెట్టుకుంటే పీపీకి సహాయంగా ఉండొచ్చు, సాక్ష్యం ముగిశాక కోర్టు అనుమతితో రాతపూర్వక వాదన ఇవ్వొచ్చు. చాలామంది కుటుంబాలకి ఇది తెలీదు, వెనక బెంచీలో కూర్చుని వెళ్లిపోతారు.

గాజువాక_ఉక్కు (బుధవారం, ఉదయం 6:20)

సిస్టర్ రాసింది చదివాక రాత్రంతా నిద్ర పట్టలేదు. బాబూ, నేను ముందు రాసిన మాట నీకు తగిలి ఉంటే మన్నించు. మత్తు అన్న మాట వినగానే మనసు తీర్పు ఇచ్చేస్తుంది, నాకే అలా అయింది. అయినా ఒకటి అడుగుతాను, అమెరికాలో ఆ ఫ్లాయిడ్ కేసులో కూడా ఇదే గొడవ కదా? అక్కడ ఏం తేల్చారు?

ల్యాబ్_బెంచి (బుధవారం, ఉదయం 8:45)

అవును సార్. మినియాపోలిస్‌లో 2020 మే 25న జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయాడు, పోలీసు డెరెక్ షావిన్ మోకాలు తొమ్మిది నిమిషాలకు పైగా అతని మీద ఉంది. రక్తంలో ఒక మిల్లీలీటరుకి 11 నానోగ్రాముల ఫెంటనిల్, 19 నానోగ్రాముల మెథాంఫెటమైన్ వచ్చాయి. అతను ఓవర్‌డోసుతో, గుండె జబ్బుతో పోయాడని డిఫెన్స్ వాదన. అక్కడ ఆ రిపోర్టుని ఎవరూ దాచలేదు, అందరూ దాని మీదే గంటల తరబడి మాట్లాడారు, అలా మాట్లాడబట్టే అది తేలింది.

మార్టిన్ టోబిన్ అనే ఊపిరితిత్తుల డాక్టరు వీడియోలో అతని ఊపిరిని లెక్కపెట్టారు. నిమిషానికి 22. ఫెంటనిల్ చంపే తీరు ఊపిరిని మెల్లగా మందగింపజేసి ఆపడం. అది పనిచేస్తుంటే ఊపిరి బాగా తగ్గాలి, ఇక్కడ తగ్గలేదు. పోస్టుమార్టం చేసిన ఆండ్రూ బేకర్ కూడా మందుల్ని, గుండె జబ్బుని పక్కన ఉన్న పరిస్థితులుగా రాశారు గానీ ప్రధాన కారణంగా అణచిపట్టడాన్ని, మెడ మీద ఒత్తిడిని రాశారు. 2021 ఏప్రిల్ 20న మూడు నేరాలూ రుజువయ్యాయని జ్యూరీ చెప్పింది, జూన్‌లో ఇరవై రెండున్నరేళ్లు వేశారు.

నేను మా జూనియర్లకి ఎప్పుడూ చెప్పేది అదే. అంకెని ఒంటరిగా వదలొద్దు, మనిషి ఆ నిమిషంలో ఎలా ఉన్నాడో దానితో కలిపి చదవండి.

సీతంపేట_చిన్ని (బుధవారం, మధ్యాహ్నం 12:15)

హత్య కేసు కాకుండా ఇంకోటి అడగాలి. నాకు బాగా దగ్గరైన అమ్మాయి, ఒక పార్టీలో తనంతట తనే తాగింది, ఇంకేదో కూడా తీసుకుంది. తర్వాత జరగకూడనిది జరిగింది. రిపోర్టులో మందు బయటపడితే ఇష్టపడే వెళ్లావంటారని, పైగా నీ మీదే డ్రగ్స్ కేసు పెడతారని స్నేహితులే భయపెట్టారు. మూడు రోజులు గదిలోంచి బయటకి రాలేదు, వేసుకున్న బట్టలు తనే ఉతికేసింది. నాకు చెప్పేసరికి ఆలస్యమైపోయింది. అలాంటివాళ్లకి ఆ రిపోర్టు నిజంగా వ్యతిరేకమేనా?

డిఫెన్స్_వైపు (బుధవారం, మధ్యాహ్నం 2:00)

డిఫెన్స్ వైపు నిలబడేవాడిగానే చెప్తున్నాను అమ్మా, వ్యతిరేకం కాదు, చాలాసార్లు ఆ అమ్మాయికే బలం. అత్యాచారం నిర్వచనంలోనే, పాత ఐపీసీ 375లోనూ ఇప్పటి న్యాయ సంహిత 63లోనూ, మత్తు వల్ల తాను దేనికి ఒప్పుకుంటోందో అర్థం చేసుకోలేని స్థితిలో ఇచ్చిన సమ్మతి సమ్మతే కాదని ఉంది. ఆ మత్తు వాడు కలిపి ఇచ్చిందే కానక్కర్లేదు, తనే తాగిన మత్తయినా సరే. వాడే కలిపితే అది విడిగా ఇంకో నేరం, పాత 328, ఇప్పుడు 123, పదేళ్ల దాకా శిక్ష.

ఇక ఆమె అలవాట్లు, నడవడిక గురించి అడిగి సమ్మతి ఉందని నిరూపించే దారిని చట్టం మూసేసింది. ఒకప్పుడు ఎవిడెన్స్ యాక్టు 155లో అలా అడిగే వీలుండేది, 2002 సవరణ చట్టంతో తీసేశారు. ఇప్పటి సాక్ష్య అధినియంలో 48, 149 చూడండి. అడిగితే జడ్జిగారు ఆపాలి, ఆపకపోతే పీపీ లేచి అభ్యంతరం చెప్పాలి.

ఒక్కటి మాత్రం నిజం. ఆ రాత్రి ఎవరు, ఎక్కడ, ఏ వరసలో అన్న జ్ఞాపకం గురించి అడుగుతారు. అది అడగదగ్గ ప్రశ్నే. గుర్తులేని చోట గుర్తులేదని చెప్పమనండి. లేనిది పూడ్చి చెప్తేనే సాక్ష్యం కూలుతుంది.

మధురవాడ_సిస్టర్ (బుధవారం, సాయంత్రం 5:25)

చిన్నీ, ఎవరికైనా అలా జరిగితే స్నానం చేయకుండా, బట్టలు ఉతక్కుండా, వీలైతే ఆ గంటలోనే తీసుకురావాలి. డ్రింకుల్లో కలిపే మందుల్లో కొన్ని పన్నెండు గంటలు దాటితే మూత్రంలో కూడా దొరకవు. అమ్మాయి ఒప్పుకుంటేనే పరీక్ష చేస్తాం, ఒప్పుకున్నట్టు రాసుకుంటాం. నేను ఒక అమ్మాయికి ఆ సీసా ఇచ్చినప్పుడు, సిస్టర్ ఇందులో నేను తాగింది తెలిసిపోతుందా అని అడిగింది. తెలుస్తుంది అమ్మా, దాన్ని దాచకు, డాక్టరుగారికి నీ నోటితో ముందే చెప్పు అన్నాను. చెప్పింది. డాక్టరుగారు అలాగే రాశారు.

మరణ వాంగ్మూలం, అంటే పోయే ముందు మనిషి చెప్పి రాయించే మాట, దాని దగ్గర కూడా ఇదే పేచీ వస్తుంది. కాలిన వార్డులో నొప్పికి బలమైన మందు ఎక్కిస్తాం, తర్వాత మేజిస్ట్రేటుగారు వస్తారు, మత్తులో ఉన్న మనిషి మాట ఎలా నమ్ముతారని కోర్టులో అడుగుతారు. అందుకే ఏ మందు ఎన్నింటికి ఇచ్చామో, ఆ తర్వాత పేరు, ఊరు అడిగితే సరిగ్గా చెప్పిందో లేదో రాసిపెట్టాలి. ఆ రెండు లైన్లు లేక ఇబ్బంది పడిన కేసు చూశాను.

నల్లకోటు_ఎంవీపీ (బుధవారం, సాయంత్రం 6:40)

దానికి సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2002లో లక్ష్మణ్ కేసులో చెప్పింది. డాక్టరు సర్టిఫికెట్ లేనంత మాత్రాన వాంగ్మూలం కొట్టేయక్కర్లేదు, రాసుకున్న మేజిస్ట్రేటుకి ఆ మనిషి సరైన మానసిక స్థితిలో ఉన్నట్టు నమ్మకం కుదిరితే చాలు. అయినా సిస్టర్ చెప్పిన రెండు లైన్లు ఉంటే మా పని సగం తేలిక.

భీమిలి_వలస (బుధవారం, రాత్రి 8:50)

మా నాన్నది రోడ్డు ప్రమాదం. రోడ్డు దాటుతుంటే వ్యాన్ కొట్టింది, ఆ రోజు కల్లు తాగి ఉన్నాడు. క్రిమినల్ కేసులో తాగాడన్న మాట డ్రైవర్ని కాపాడలేదు, వేగంగా వచ్చి బ్రేకు వేయలేదని రుజువైంది. కానీ నష్టపరిహారం దగ్గర, ఆయన తప్పు కూడా కొంత ఉందని డబ్బు కోశారు. ఒకే రిపోర్టు, రెండు కోర్టుల్లో రెండు రకాల విలువ. ఎవరూ ముందు చెప్పకపోతే అది చాలా బాధగా ఉంటుంది, అందుకే చెప్తున్నాను.

పెద్దోడు_పెందుర్తి (పదమూడు రోజుల తర్వాత, రాత్రి 9:10)

అందరికీ. కేసు షీటు దొరికింది. హాస్పిటల్లో మొదట లేదన్నారు, రికార్డు రూము చుట్టూ నాలుగుసార్లు తిరిగాను, చివరికి ఒక అటెండరు మెట్ల కింద కట్టల్లోంచి తీసి ఇచ్చాడు. మందుల చార్టులో మిడజోలం అని ఉంది, రాత్రి 11:20 నుంచి, గంటగంటకీ సంతకాలు. సిస్టర్ చెప్పినట్టే.

పీపీగారు పిటిషన్ వేశారు, జడ్జిగారు ఒప్పుకున్నారు. ఇవాళ డాక్టరుగారు మళ్లీ వచ్చారు. ఈ మందు చికిత్సలో ఇచ్చిందేనా అని పీపీగారు అడిగారు, అవును అన్నారు. మూత్రంలో గంజాయి ఆనవాలు ఉంటే ఆ సమయానికి మత్తులో ఉన్నాడని చెప్పగలరా అంటే చెప్పలేను అన్నారు. తలకి తగిలిన గాయం ఒక్కటే చావడానికి సరిపోతుందా అంటే సరిపోతుంది అన్నారు. ముద్దాయిల లాయరు, తూలి పడినా అలాంటి గాయం కావచ్చు కదా అన్నాడు. కావచ్చు అన్నారు డాక్టరుగారు. కానీ ఎముక విరిగింది నడినెత్తి మీద, నిలబడి తూలి పడేవాళ్లకి సాధారణంగా అక్కడ తగలదని కూడా చెప్పారు. జడ్జిగారు అది తన మాటల్లో టైపు చేయించారు.

తీర్పు ఏమవుతుందో తెలీదు, ఇంకా ఇద్దరు సాక్షులున్నారు. బయటికి వచ్చాక అమ్మకి మెట్ల మీద కూర్చోబెట్టి ఆ చార్టు చూపించాను, ఇది హాస్పిటల్లో ఎక్కించిందమ్మా అని. గంజాయి సంగతి కూడా చెప్పాను, ఎప్పుడో కాల్చి ఉంటాడు, ఆ రాత్రేనని ఎవరూ చెప్పలేరు అని. ఆ కాగితం కాసేపు ఒళ్లో పెట్టుకుంది. "కాల్చితే నేను కొట్టేదాన్ని కదరా, వాళ్లెవరు కొట్టడానికి" అంది.

సిస్టర్ అక్కా, మీరు ఉన్న వైపు వస్తే ఒకసారి కలవాలని ఉంది, అమ్మ అడుగుతోంది.